అరెస్టుకు బదులు ఒక కాగితం

వికారాబాద్ జిల్లా కుల్కచర్ల మండలంలో ఇద్దరు పాలివాళ్ల మధ్య పొలం గట్టు తగాదా వచ్చిందనుకుందాం. మాటా మాటా పెరిగింది. ఒకరు చెయ్యి చేసుకున్నారు, దారికి అడ్డం నిలబడ్డారు, అంతు చూస్తానని బెదిరించారు. దెబ్బ తిన్నవాళ్లు ఠాణాకు పోయి ఫిర్యాదు ఇచ్చారు. భారతీయ న్యాయ సంహితలో కొట్టి గాయపరిస్తే 115(2) కింద ఏడాది దాకా, దారి అడ్డగిస్తే 126(2) కింద నెల దాకా, బెదిరిస్తే 351(2) కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇలాంటి కేసుకు మనిషిని లోపల వేయాల్సిన పనిలేదు, విచారణకు రమ్మని నోటీసు ఇస్తే చాలు. చట్టం మారినా ఊళ్లలో దాన్ని ఇంకా 41ఏ నోటీసు అనే అంటున్నారు.

ఆ కాగితం ఊరికే రాలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41వ సెక్షన్ వారెంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఎప్పుడు పట్టుకోకూడదో మాత్రం గట్టిగా చెప్పలేదు. జాతీయ పోలీసు కమిషన్ 1980లో తన మూడో నివేదికలో దేశంలో జరిగే అరెస్టుల్లో దాదాపు 60 శాతం అనవసరమైనవేనని తేల్చింది. నివేదిక బీరువాలోకి పోయింది.

1994 జనవరిలో గాజియాబాద్‌లో జోగిందర్ కుమార్ అనే యువ న్యాయవాదిని విచారణకని పిలిచి, రోజులు గడిచినా ఇంటికి పంపలేదు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ప్రధాన న్యాయమూర్తి వెంకటాచలయ్య ధర్మాసనం ఏప్రిల్ 25న తీర్పు చెప్పింది: అరెస్టు చేసే అధికారం ఉన్నంత మాత్రాన చాలదు, ఎందుకు చేశారో కారణం చూపాలి. నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు అదే. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసు తీర్పుతో అరెస్టు మెమో వచ్చింది. తేదీ, సమయం రాయాలి, ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, బంధువుకో స్నేహితుడికో కబురు చెప్పాలి.

అరెస్టుకు బదులు నోటీసు అన్న ఆలోచనకు చట్టం రూపం ఇచ్చినవారిలో ఒక తెలుగు న్యాయమూర్తి ఉన్నారు. హైదరాబాద్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి లా కమిషన్ అధ్యక్షులుగా 2001 డిసెంబరులో 177వ నివేదిక ఇచ్చారు. అది పూర్తిగా అరెస్టుల మీదే. పార్లమెంటు సవరణ తెస్తే వకీళ్లు సమ్మెలు చేశారు, అమలు ఆగింది. చివరికి 2010 నవంబరులో 41ఏ అమల్లోకి వచ్చింది. అరెస్టు అవసరం లేనిచోట నోటీసు తప్పనిసరి అయింది.

అయినా అలవాటు పోలేదు. 2014 జూలై 2న అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త కఠినంగా మాట్లాడింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో కారణాలు రాయకుండా అరెస్టు చేసే పోలీసు మీద శాఖాపరమైన చర్యే కాక కోర్టు ధిక్కారం కూడా ఉంటుంది. కళ్లు మూసుకుని రిమాండ్ చేసే మేజిస్ట్రేట్‌కూ చర్య తప్పదు.

2024 జూలై 1 నుంచి ఈ నోటీసు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కిందికి వచ్చింది. మూడేళ్ల లోపు శిక్ష పడే కేసులో 60 దాటినవాళ్లనూ, అనారోగ్యంతో ఉన్నవాళ్లనూ డీఎస్పీ ముందస్తు అనుమతి లేకుండా పట్టుకోకూడదు. కొడుకుల తగాదాలో ముసలి తండ్రి పేరు కూడా ఎక్కే మన ఊళ్లకు ఇది చాలా పెద్ద మాట. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది.

కాగితం మీది హక్కు దానంతటదే అమలు కాదు. 2024 డిసెంబరులో ఇదే వికారాబాద్ జిల్లా లగచర్లలో అధికారుల మీద దాడి కేసులో జైల్లో ఉన్న ఒక రైతును సంగారెడ్డి ఆసుపత్రికి సంకెళ్లతో తీసుకెళ్లారు. బేడీలు మామూలుగా వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పి ఉంది. దృశ్యాలు బయటికొచ్చాకే ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు.

నోటీసు వస్తే క్రైమ్ నంబరు, సెక్షన్లు, రమ్మన్న తేదీ చూసుకోండి. కాపీ దాచుకోండి, చెప్పిన రోజున తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినట్టు. సాక్షులను బెదిరించినా, ఆధారాలు చెరిపినా అంతే. అరెస్టే చేస్తే కారణం అడగండి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలని గుర్తుంచుకోండి. వకీలుకు డబ్బుల్లేవని ఊరుకోవద్దు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.