వైజాగ్ టు హైదరాబాద్: ఫ్లైట్‌లో గంటే.. ద్వారకా నగర్ నుంచి లెక్కేస్తే 5 గంటలు!

విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంతసేపు? ఎవర్నడిగినా ‘గంట’ అనేస్తారు. ఆ మాట నమ్మి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఉదయం 9 గంటల వీసా ఇంటర్వ్యూకి అదే రోజు ఫ్లైట్ బుక్ చేసుకుంటే మాత్రం ఇరుక్కుపోయినట్టే.

ముందు దూరం సంగతి చూద్దాం. మ్యాప్‌లో విశాఖకు దాదాపు నేరుగా పడమరన హైదరాబాద్ ఉంటుంది. అందుకే గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లే. బస్సయినా, వందే భారత్ అయినా కిందికి విజయవాడ దాకా దిగి మళ్లీ పైకెక్కాలి. దాంతో రోడ్డు మీద దాదాపు 620 కిలోమీటర్లు, రైల్లో 700 వరకు అవుతుంది. విమానం మన్యం కొండలు, గోదావరి మీదుగా అడ్డంగా వెళ్లిపోతుంది.

గాల్లో ఉండేది 50 నుంచి 60 నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంటా పావు, గంటన్నర దాకా కనిపిస్తుంది. రన్‌వే దాకా వెళ్లడం, దిగాక పార్కింగ్‌కు చేరడం కూడా అందులోనే కలుపుతారు.

అసలు టైమ్ తినేది నేల మీదే. ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఇప్పుడున్న ఎయిర్‌పోర్ట్ 12 కిలోమీటర్ల లోపే. అయినా ట్రాఫిక్‌లో 40 నిమిషాలు వేసుకోవాలి. బ్యాగేజీ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. శంషాబాద్‌లో దిగి, బ్యాగు తీసుకుని బయటపడటానికి అరగంట. అక్కడి నుంచి అమీర్‌పేట, కూకట్‌పల్లి అంటే మరో గంట పైమాటే. నానక్‌రామ్‌గూడకు ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కాబట్టి కాస్త నయం. మొత్తం కలిపితే ఇంచుమించు 5 గంటలు.

2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్ వందే భారత్‌కు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. స్టేషన్ ద్వారకా నగర్‌కు దగ్గరే. అంటే ఫ్లైట్‌తో మిగిలేది 7 గంటలేం కాదు, మహా అయితే 4. పొద్దున్నే పని ఉన్నవాళ్లకు రాత్రంతా నడిచే గోదావరి ఎక్స్‌ప్రెస్సే నమ్మకం. ఈ రైలు 1974 నుంచి నడుస్తోంది.

ఈ లెక్క భోగాపురంతో మారిపోతుంది. ఇప్పటి ఎయిర్‌పోర్ట్ నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్ట్ ద్వారకా నగర్‌కు దాదాపు 45 కిలోమీటర్లు. మధురవాడ, ఆనందపురం, తగరపువలస దాటి వెళ్లాలి. విమానం టైమ్ మారదు, రోడ్డు మీద మాత్రం ఇంకో అరగంటో, ముప్పావుగంటో కలుస్తుంది. 2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు హైదరాబాద్ వాళ్లకూ ఇదే అనుభవం.

విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం పండగే. విశాఖ ట్రాఫిక్‌లోకి రావాల్సిన పనే ఉండదు. ఇబ్బందంతా గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు వాళ్లకే. ఫ్లైట్ ఎక్కాలంటే ఊరంతా దాటుకుని వెళ్లాలి.