పీడన గదిలో ప్రాణవాయువు

తీవ్రమైన వైరల్ న్యుమోనియాలో ఊపిరితిత్తుల గాలిగదులు ద్రవంతో నిండుతాయి. గాలి పీల్చినా ప్రాణవాయువు రక్తంలోకి చాలినంతగా చేరదు. 2021లో సిలిండర్ల కోసం రాత్రింబవళ్లు తిరిగిన కుటుంబాలకు ఈ స్థితిని వేరుగా వర్ణించనక్కరలేదు.

ఇటువంటి రోగులకు హైపర్‌బారిక్ చికిత్స మేలు చేస్తుందా అన్నది పాత ప్రశ్నే. ఇందులో రోగిని మూసిన గదిలో ఉంచి, వాతావరణ పీడనానికి రెండు మూడు రెట్ల వద్ద స్వచ్ఛమైన ఆక్సిజన్ అందిస్తారు. సోడాలో గ్యాసు కరిగే సూత్రమే ఇది. ఆరోగ్యవంతుని 100 మిల్లీలీటర్ల రక్తంలో నేరుగా కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 0.3 మిల్లీలీటర్లు. మూడు రెట్ల పీడనంలో అది 6 మిల్లీలీటర్ల వరకు పెరుగుతుంది.

1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలోని కాన్సాస్ సిటీలో డాక్టర్ ఆర్వల్ కన్నింగ్‌హామ్ రోగులను పీడనంతో కూడిన గాలి ట్యాంకులో ఉంచారు. అది మామూలు గాలే, స్వచ్ఛమైన ఆక్సిజన్ కాదు. 1928లో ఆయన కోసం క్లీవ్‌లాండ్‌లో అయిదంతస్తుల ఉక్కుగోళం ఆసుపత్రిగా వెలిసింది. వైద్య సంఘం కోరిన ఆధారాలను మాత్రం ఆయన చూపలేకపోయారు. 1942లో ఆ గోళం పాత ఇనుముగా మారింది.

కొవిడ్ వేళ చైనా, అమెరికా, అర్జెంటీనాల్లో చిన్న పరిశీలనలు జరిగాయి. కొందరిలో ఆక్సిజన్ స్థాయి మెరుగుపడింది. మరణాలు తగ్గుతాయని నిర్ధారించేందుకు ఆ సంఖ్యలు చాలవు. ఈ పరికరాలకు కొవిడ్ చికిత్స నిమిత్తం అనుమతి లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో స్పష్టం చేసింది.

చెవిపోటు, మూర్ఛ, అగ్నిప్రమాదం దీని ముప్పులు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి ప్రాణాపాయమే. గదిలోకి పంపేముందు ఛాతీ ఎక్స్‌రే తీశారో లేదో బంధువులు తప్పక అడగాలి.