సైడు ఏ, సైడు బి: కాపీలు పెంచిన సంగీతం

మన ఊళ్ళలో పాటలు రికార్డింగ్ చేసిచ్చే షాపులుండేవి, గుర్తుందా? తెల్లకాగితం మీద పాటల పేర్లు వరసగా రాసి, ఓ సోనీయో టీడీకేయో ఖాళీ క్యాసెట్టు కొనిస్తే, రెండ్రోజులాగి వెళ్ళేసరికి మన లిస్టు మన చేతికొచ్చేది. ఘంటసాల పక్కన ఇళయరాజా, ఆయన పక్కన కిశోర్ కుమార్... ఏ కంపెనీ అలాంటి వరస అమ్మదు కదా. షాపువాడు చేసేది చట్టం లెక్కలో దొంగతనమే, కానీ మనకెవ్వరికీ అలా అనిపించేది కాదు.

ఇంగ్లండులో, అమెరికాలో ఇదే పని జనం ఇళ్ళల్లో కూర్చుని సొంతంగా చేసుకున్నారు, స్నేహితులకి పంచుకున్నారు, మిక్స్‌టేప్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పంపకాల మీద ఏకంగా ఒక సంగీతమే పెరిగింది. ముందు "ఇండీ" అన్నారు, తరవాత్తరవాత "ఆల్టర్నేటివ్" అన్నారు. దాని చరిత్ర రాసేవాళ్ళు బ్యాండ్ల గురించి పుంఖానుపుంఖాలుగా రాస్తారు, క్యాసెట్టు గురించి మాత్రం ఓ పేరాతో సరిపెడతారు. నన్నడిగితే అసలు కథ క్యాసెట్టుదే.

దాన్ని కనిపెట్టింది ఫిలిప్స్‌లో పనిచేసే లౌ ఓటెన్స్ అనే డచ్ ఇంజనీరు, ఆయన బృందం. ముందుగా ఓ చెక్కముక్క కోసి కోటు జేబులో పెట్టుకుని, రికార్డరు ఇంతకన్నా పెద్దది కాకూడదన్నాడట. (రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటంటే అలా ఉండాలి!) 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో బయటపెట్టారు. రీలు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, నడిచేది సెకనుకి ఐదు సెంటీమీటర్ల లోపే. సంగీతానికని కాదు, ఆఫీసులో డిక్టేషనుకి పనికొస్తే చాలనుకున్నారు. సోనీ వాళ్ళు పట్టుబట్టడంతో 1965లో ఫిలిప్స్ ఆ ఫార్మాటుని డబ్బు తీసుకోకుండా లైసెన్సుకి ఇచ్చేసింది. ఇక ప్రపంచంలో ప్రతివాడూ అదే క్యాసెట్టు చేశాడు, ఎవడి టేపు ఎవడి డెక్కులోనైనా ఆడింది. ఓపెన్ స్టాండర్డు గొప్పతనం గురించి మనవాళ్ళు ఉపన్యాసాలిచ్చేటప్పుడు ఈ ఉదాహరణ ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

దాంట్లో ఇంకో సంగతుంది. ఎల్పీ రికార్డు కొనుక్కోవాలే గానీ ఇంట్లో చేసుకోలేం. క్యాసెట్టు అలా కాదు, వినే యంత్రమే రాసే యంత్రం కూడా. సీ-60 అంటే సైడుకి అరగంట, సీ-90 అంటే సైడుకి ముప్పావుగంట. సీ-120 కూడా ఉండేది గానీ రీలు మరీ పల్చన, డెక్కు నమిలేసేది. ముప్పావుగంట సైడు నింపాలంటే ముప్పావుగంట పైనే పట్టేది. పక్కన కూర్చోవాలి, పాజ్ బటన్ మీద వేలుండాలి, పాటకీ పాటకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో చూసుకోవాలి. చివర్లో రెండు నిమిషాల రీలు మిగిలితే అందులో పట్టే పాట వెతుక్కోవాలి. కాపీకి కాపీ, దానికింకో కాపీ తీస్తూ పోతే పాట సన్నబడి బుస్సుమనే శబ్దం పెరుగుతుంది. అంటే నాలుగో చేతికి చేరిన టేపు వింటే అది ఎన్ని చేతులు మారిందో చెవికి తెలిసిపోయేది.

1980కల్లా ఇంగ్లండులో రికార్డుల అమ్మకాలు దెబ్బతిని కంపెనీలు గొల్లుమంటున్నాయి. దోషి ఎవరని వెతికితే పడగ్గదిలో టేపు పెట్టుకున్న కుర్రాళ్ళు దొరికారు. బ్రిటిష్ రికార్డు కంపెనీల సంఘం 1981లో, ఇంట్లో టేపు చేసుకోవడం సంగీతాన్ని చంపేస్తోందంటూ ప్రచారం మొదలెట్టింది. కింద బొమ్మ: సముద్రపు దొంగల జెండా మీద పుర్రె ఉంటుందే, ఆ పుర్రె చోట క్యాసెట్టు. నిజంగా బావుంటుంది ఆ బొమ్మ, అందుకే జనం టీ-షర్టుల మీద వేసుకున్నారు :)

దానికి ముందే, 1980లో, మాల్కమ్ మెక్లారెన్ నడిపిన బౌ వౌ వౌ బ్యాండు ఖాళీ టేపుల పేర్లనే పాట పేరుగా పెట్టి, సింగిల్‌ని క్యాసెట్టు మీద విడుదల చేసింది. రెండో సైడు ఖాళీ, మీకు నచ్చింది ఎక్కించుకోండని. విడుదల చేసిన కంపెనీ ఈఎంఐ! అమెరికాలో డెడ్ కెన్నెడీస్ అనే పంక్ బ్యాండు 1981లో ఇంకా ముందుకెళ్ళింది: టేపు చేసుకోవడం వల్ల కంపెనీల లాభాలే చస్తున్నాయని, మీ వంతు సాయం చేస్తారని ఒక సైడు ఖాళీగా వదిలామని క్యాసెట్టు మీదే అచ్చేసింది. అదే ఏడాది ఎన్‌ఎంఈ అనే లండన్ సంగీత పత్రిక రఫ్ ట్రేడ్ కంపెనీతో కలిసి సీ-81 పేరుతో, చిన్న చిన్న బ్యాండ్లని గుదిగుచ్చి ఓ క్యాసెట్టు చేసి పాఠకులకి టపాలో పంపింది. ఒక రకంగా పత్రికే చేసిచ్చిన మిక్స్‌టేప్. 1986లో అదే వరసలో వచ్చిన సీ-86లో 22 బ్యాండ్లున్నాయి. ఆ పేరే తర్వాత ఒక సంగీత ధోరణికి పేరైపోయింది. ఖాళీ క్యాసెట్టు నిడివిని చెప్పే గుర్తుని అనుకరించిన పేరు, ఒక కళకి పేరు కావడం ఇంకెక్కడైనా జరిగిందా?

అమెరికాలో కథ వేరు. అక్కడ దూరాలెక్కువ, పెద్ద రేడియో స్టేషన్లు ఈ సంగీతాన్ని దగ్గరికి రానివ్వలేదు. కాలేజీ రేడియోలు, తపాలా శాఖ, ఈ రెండే దిక్కు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపియా అనే చిన్న ఊళ్ళో కాల్విన్ జాన్సన్ 1982లో పెట్టిన కే రికార్డ్స్ క్యాసెట్లతోనే మొదలైంది. నిర్వాణా కర్ట్ కొబెయిన్ ఆ సంస్థ గుర్తుని చేతి మీద పచ్చబొట్టు వేయించుకున్నాడు. ఆయన పేరు తెచ్చుకోకముందు ఇంట్లో చేసిన ఓ మిక్స్‌టేప్ కూడా ఉంది, "మాంటేజ్ ఆఫ్ హెక్" అని. టీవీ ముక్కలు, పాత పాటల తునకలు, అరుపులు అన్నీ కలిపి వండిన కిచిడీ.

వీళ్ళందరిలో నాకు బాగా ఇష్టమైనవాడు డేనియల్ జాన్‌స్టన్. ఆస్టిన్‌లో మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ, చవకబారు టేప్‌రికార్డర్లో ఇంట్లో పాడిన పాటల్ని కనిపించినవాళ్ళ చేతిలో పెట్టేవాడు. మొదట్లో టేపు నుంచి టేపుకి ఎక్కించే సదుపాయం లేక, ఎవరికైనా కాపీ ఇవ్వాలంటే పాటలన్నీ మళ్ళీ మొదట్నించీ పాడి రికార్డు చేసేవాడట! మనోవ్యాధితో జీవితమంతా అవస్థపడ్డాడు, 2019లో పోయాడు. 1992 ఎంటీవీ అవార్డుల వేడుకకి కొబెయిన్ జాన్‌స్టన్ గీసిన కప్ప బొమ్మ టీ-షర్టు వేసుకొచ్చాడు. చేతికి చేతికి తిరిగిన క్యాసెట్టు అక్కడిదాకా వచ్చిందన్నమాట.

పంపకాలకి పద్ధతులు కూడా ఏర్పడ్డాయి. ఖాళీ క్యాసెట్టు, తిరుగు టపాకి స్టాంపులు పంపితే కాపీ వస్తుంది, అమ్ముకోవడం మాత్రం మహాపాపం. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు అభిమానులు ఇందులో ఆరితేరారు. 1984లో బ్యాండే తన కచేరీల్లో రికార్డు చేసుకునేవాళ్ళకి ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఆ బ్యాండుకి పాటలు రాసిన జాన్ పెర్రీ బార్లో 1990లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పెట్టినవాళ్ళలో ఒకడు. ఇంటర్నెట్టులో మన హక్కుల గురించి వాదించే సంస్థకీ టేపులు మార్చుకునే జనానికీ ఉన్న చుట్టరికం అది.

ఇక మెటాలికా సంగతి. ఆల్టర్నేటివ్ కాదు, మెటల్, అయినా చెప్పాలి. 1982లో వాళ్ళ డెమో టేపు ఇలాగే కాపీల మీద కాపీలై ఊళ్ళు దాటింది. డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ స్వయంగా టేపులు మార్చుకునేవాడు. అదే మెటాలికా 2000 ఏప్రిల్‌లో నాప్‌స్టర్ మీద కేసు వేసి, తమ పాటలు పంచుతున్నారంటూ మూడు లక్షల ముప్ఫయ్యైదు వేల పైచిలుకు యూజర్ల పేర్లు డబ్బాలకెత్తి ఆ ఆఫీసుకి తీసుకెళ్ళింది. అప్పట్లో కుర్రకారు ఉల్రిచ్‌ని తిట్టని తిట్టు లేదు. 2001 జులైలో నాప్‌స్టర్ మూతపడింది.

ఆయన్ని వట్టి కపటి అనడం నాకు నచ్చదు. టేపు కాపీకి ఇచ్చేవాడి ముప్పావుగంట ఖర్చయ్యేది, పుచ్చుకునేవాడెవడో తెలిసేది, నాణ్యత తగ్గేది కాబట్టి నచ్చినవాడు అసలుది కొనుక్కునే అవకాశముండేది. నాప్‌స్టర్లో ఖర్చు సున్నా, మొహాలు తెలీవు, తరుగూ లేదు. రెండూ "కాపీ" అయినంత మాత్రాన ఒకటి కావు. కంపెనీలు చేసిన తప్పల్లా 1981లోనే రెండోదాన్ని ఊహించుకుని మొదటిదాన్ని కొట్టడం. జర్మనీ 1965లోనే రికార్డర్ల ధరలో కొంత కళాకారులకి వెళ్ళేలా చట్టం చేసి ఇంటి కాపీని ఒప్పుకుంది. అమెరికా 1992లో డిజిటల్ రికార్డర్ల కోసం చేసిన చట్టంలో తమాషా ఏర్పాటుంది: అసలు నుంచి కాపీ తియ్యొచ్చు, కాపీ నుంచి కాపీ తియ్యకుండా యంత్రమే అడ్డుకోవాలి. రీలు బుస్సుమంటూ తనంతట తాను చేసిన పనిని చిప్పుతో చేయించారు. ఎంపీత్రీ వచ్చి కంప్యూటరు ఆ చట్టం పరిధిలోకి రాకపోవడంతో అదీ గాలికిపోయింది.

ఇంత చెప్పి నా వరస చెప్పకపోతే బావుండదు. సీ-60లో ఒక సైడు మచ్చుకి. మొదట ఆర్.ఈ.ఎమ్. వాళ్ళ "రేడియో ఫ్రీ యూరప్", 1981లో హిబ్-టోన్ అనే బుల్లి కంపెనీ వేసిన ముక్క. మాటలు అర్థం కావు, అక్కర్లేదు. తర్వాత న్యూజీలాండ్ నుంచి ద క్లీన్, అదే ఏడాది "బూడుల్ బూడుల్ బూడుల్" (పేరు చూసి నవ్వకండి) నుంచి ఏదైనా. నాలుగు ట్రాకుల టేపు మెషీన్ మీద రికార్డు చేశారు. ఆస్ట్రేలియా గో-బిట్వీన్స్ "క్యాటిల్ అండ్ కేన్", 1983. ఇల్లు వదిలొచ్చిన ప్రతివాడూ వినాలి. డేనియల్ జాన్‌స్టన్ "వాకింగ్ ద కౌ", అదే 1983, వెనక శబ్దాలతో సహా. ఒలింపియా వాళ్ళు బీట్ హ్యాపెనింగ్ "ఇండియన్ సమ్మర్", 1988. గెలాక్సీ 500 "టగ్‌బోట్", అదీ 1988. ఆపైన మీకు తోచినవి వేసుకోండి. చివర్లో నిమిషంన్నర రీలు మిగులుతుంది చూడండి, దానికి ప్రైమల్ స్క్రీమ్ "వెలాసిటీ గర్ల్". సీ-86లో మొదటి పాట. సరిగ్గా సరిపోతుంది.