చదవమంటారు సరే, ఎవరి కథ?

డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు మొన్నామధ్య ఫోన్‌లో ఒక మాట అన్నాడు. "తమ్మీ, మా బిడ్డ బళ్ళె ఇదివరకు మార్చి రెండో తారీఖు వస్తే చాలు, పిల్లలంత ఎర్ర తెల్ల చారల టోపీలు పెట్టుకొని పోయేటోళ్ళు. ఇప్పుడు ఆ సందడి తగ్గింది. తీరు తీరు దేశాల కథల పుస్తకాలు ఇస్తున్నరు. మా దానికి దీపావళి కథ వచ్చింది." అన్న గొంతులో సంతోషం దాగలేదు. పదేళ్ళుగా పన్నులు కడుతున్న దేశంలో తన కూతురి పండగ బడి పుస్తకంలోకి వచ్చింది మరి.

ఆ టోపీల కథ అమెరికాలో ఉన్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది. అక్కడి టీచర్ల సంఘం, నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్, 1998లో 'రీడ్ అక్రాస్ అమెరికా' అని పిల్లల చేత చదివించే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. డాక్టర్ స్యూస్ అనే రచయిత పుట్టినరోజు మార్చి 2 కాబట్టి ఆ రోజునే పట్టుకున్నారు. ఆయన పుస్తకంలోని పిల్లి పెట్టుకునే టోపీనే ఈ టోపీ. 2014 నాటికి అక్కడి ప్రభుత్వ బళ్ళలో తెల్లపిల్లలు సగం కంటే తగ్గిపోయారు. కూర్చున్న పిల్లలు మారిపోయారు, చదివించే పుస్తకాలు మాత్రం అవే. తర్వాత స్యూస్ సంస్థతో ఒప్పందం ముగించుకుని, రకరకాల పిల్లలకి రకరకాల పుస్తకాలు అనే దారికి వచ్చారు. నిజానికి ఈ ముచ్చట కొత్తది కాదు. 1965లోనే నాన్సీ లారిక్ అనే ఆవిడ అంతకుముందు మూడేళ్ళలో వచ్చిన 5 వేలకు పైగా పిల్లల పుస్తకాలని లెక్కపెట్టి, నల్లవాళ్ళు కనిపించేవి 6.7 శాతమేనని రాసింది. బగ్ రిపోర్ట్ 1965లో పెడితే ఫిక్స్ ఎప్పుడొచ్చిందో చూడండి! మన ప్రాజెక్టులే నయం.

సరే, అది అమెరికా గోల. నాది కట్టంగూర్. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేటప్పుడు నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు మీ బస్సు ఆగకుండా పోయే ఊరు. అన్న ఫోన్ పెట్టేశాక నాకొచ్చిన ఆలోచన ఒక్కటే: మా దగ్గర ఈ పని ఎవరైనా చేశారా? వెతుకుతూ పోతే తేలింది ఏంటంటే, మా రోడ్డు మీదే, నూట పాతికేళ్ళుగా, విడతలు విడతలుగా చేస్తూనే ఉన్నారు.

మొదటి విడత మనందరికీ తెలిసిందే. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. పెట్టినవాళ్ళలో మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ముఖ్యులు. మునగాల మా హైవే మీదే, సూర్యాపేట దాటాక వస్తుంది. అప్పట్లో అది నిజాం రాజ్యంలో లేదు, చుట్టూ నిజాం ఇలాకా ఉండి తాను మాత్రం కృష్ణా జిల్లా కింద ఉండేది. రాజ్యంలో చదువు ఉర్దూలో, కచేరీ ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి బడిలో తన మాట లేదు.  అందుకని పుస్తకాలయం పేరుతో తెలుగుకి ఒక చోటు చేశారు. నల్లగొండలో, సూర్యాపేటలో కూడా గ్రంథాలయాలు లేచాయి. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక వచ్చింది. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అది 'వదిలేసిన పాఠకుల' కోసం జరిగిన పని. ఆ వదిలేసిన పాఠకులు తెలుగువాళ్ళే.

ఇక్కడ నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే మా బడిలో ఈ చరిత్రని గ్రంథాలయోద్యమం అని నాలుగు మార్కుల ప్రశ్నగా చదువుకుని ముగించాం. ఆ గ్రంథాలయంలో కుర్చీ వేసుకుని చదివింది ఎవరు అని ఎవరూ అడగలేదు. అప్పటికే అక్షరం వచ్చినవాళ్ళు, చందా కట్టగలిగినవాళ్ళు. వాళ్ళని తప్పు పట్టడం లేదు, చాలా గొప్ప పని చేశారు. కానీ మా నాయనమ్మ నాయన దొర దొడ్లో పశువులు కాసినవాడు. ఆయన ఆ గుమ్మం ఎక్కే ప్రశ్నే లేదు.

రెండో విడత చేసినాయన కూడా మా పక్కవాడే. వట్టికోట ఆళ్వారుస్వామి, 1915లో నకిరేకల్ దగ్గర పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే ఒకరింట్లో వంట చేసి పెడుతూ చదువుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేశాడు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఆయన 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్ఫైకి పైగా పుస్తకాలు వేశాడు. వేసి ఊరుకోలేదు. మూట కట్టి మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి తక్కువ ధరకి అమ్మాడు. 'ప్రజల మనిషి' నవల రాసినాయనగా మీకు తెలిసి ఉండొచ్చు, నాకు మాత్రం ఆ మూటే ముఖ్యం. గ్రంథాలయం గుమ్మం ఎక్కలేనివాడి గడపకి పుస్తకమే వెళ్ళింది. ఇంత దగ్గరి మనిషి గురించి నాకు బడిలో చెప్పలేదు. ఇంజనీరింగ్ అయ్యాక, ఒక ఆదివారం కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకంలో చదివాను.

ఇవన్నీ పెద్దవాళ్ళ పుస్తకాలు. పిల్లల కోసం దేశమంతటికీ కలిపి ఆలోచించింది స్వతంత్రం వచ్చాక. 1957లో నేషనల్ బుక్ ట్రస్ట్ పెట్టారు, 1969లో ఆ సంస్థ 'నెహ్రూ బాల పుస్తకాలయం' వరస మొదలుపెట్టింది. దేశంలో ఏ భాష పిల్లవాడైనా ఒకే కథ, అవే బొమ్మలతో చదవాలి, అలా చదివితే దేశం ఒక్కటవుతుంది అని ఆశయం. మన భాషలో చెప్పాలంటే యూఐ అంతా ఒకటే, స్ట్రింగ్స్ ఫైల్ మాత్రం భాషకొకటి. దీన్ని వెక్కిరించడం తేలిక, నేను వెక్కిరించను. అప్పటి దేశానికి అది అవసరం, బొమ్మలు కూడా చాలా బాగుండేవి. కాకపోతే స్ట్రింగ్స్ మార్చినంత మాత్రాన అప్లికేషన్ మన ఊరిది కాదని మనకంటే ఎవరికి బాగా తెలుసు? తేదీ ఫార్మాట్ దగ్గరే అమెరికా బయటపడుతుంది. పైగా ఆ తెలుగు స్ట్రింగ్ ఎవరి తెలుగు? పుస్తకంలో 'అన్నం', 'బావి', 'మొక్కజొన్న'. మా ఇంట్లో 'బువ్వ', 'బాయి', 'మక్కజొన్న'. మూడో తరగతిలో నేను వ్యాసంలో 'బాయి' అని రాస్తే ఎర్ర ఇంకుతో గీత కొట్టారు. అప్పటి నుంచి చాలాకాలం నాకు ఇంటి మాటంటే తప్పు మాట అన్న లెక్కే. 2014లో రాష్ట్రం వచ్చాక పాఠ్యపుస్తకాలు మార్చారు, తెలంగాణ రచయితలు వచ్చారు. అప్పటికి నేను బడి దాటిపోయాను.

మధ్యలో ఒక మాట. మా నాయనకి ఇష్టమైన పుస్తకాలు విశాలాంధ్ర వాళ్ళు అమ్మిన రష్యా పిల్లల కథలు. మంచు, ఎలుగుబంట్లు, కట్టెలపొయ్యి పక్కన ముసలమ్మ. నల్లగొండ ఎండలో కూర్చుని బత్తాయి తోట కాపలా కాస్తూ అవి చదివాడంట. కాబట్టి పిల్లవాడు తన ఊరి కథ మాత్రమే చదవాలనే వాదం నాకు నచ్చదు. మంచు కథ చదవాల్సిందే. చదివినవన్నీ మంచు కథలే అయినప్పుడే చిక్కు. కథలుండేది ఎక్కడో దూరంగా, మన వాడలో ఉండేది బతుకు మాత్రమే అని పిల్లవాడు నమ్మేస్తాడు.

ఈ చిక్కుని సూటిగా పట్టుకున్న పని 2008లో హైదరాబాద్‌లో జరిగింది. అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం 'డిఫరెంట్ టేల్స్' పేరుతో 8 పిల్లల పుస్తకాలు తయారుచేసింది. ఇంగ్లీషు, మలయాళం, తెలుగుల్లో వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు, గోగు శ్యామల, జూపాక సుభద్ర, గోపిని కరుణాకర్ లాంటివాళ్ళు రాశారు. ఒకదాంట్లో ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండే హడావుడి. ఇంకొకదాంట్లో పొలానికి నీళ్ళు పెట్టడానికి పోయే దళిత పిల్ల దొరని ఎదిరించి నిలబడటం. పిల్లల పుస్తకంలో తలకాయ కూరా అని ముఖం చిట్లించేవాళ్ళు ఉంటారు. పిండివంటల కథలు వందేళ్ళు చదివాం, ఎవరూ ముఖం చిట్లించలేదు.

అంతకు నాలుగేళ్ళ ముందే, 2004లో, ఉమ్మడి రాష్ట్రంలో ఇంకో మంచి పని మొదలైంది. గోండి, కోయ, కొలామి, సవర, బంజారా లాంటి 8 భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు, తెలుగు లిపిలోనే రాసి, మొదట 240 బళ్ళలో పెట్టారు. పిల్ల ముందు ఇంటి మాటలో అక్షరం నేర్చుకుంటుంది, తర్వాత తెలుగులోకి నడుస్తుంది. లోపలి లాజిక్ ఇంత సింపుల్. మా చుట్టుపక్కల కూడా తండాలున్నాయి. అక్కడి పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు వింటారు. 1901లో ఉర్దూ బడిలో తెలుగు పిల్లవాడు ఎలా కూర్చున్నాడో, ఇవాళ తెలుగు బడిలో తండా పిల్ల అలా కూర్చుంటుంది. మనం గుమ్మం ఎక్కాక మన వెనక ఎవరున్నారో చూడలేదు.

ఇప్పుడు నా సంగతి. 2022 జనవరి 1న కేంద్రం 'పఢే భారత్' అని వంద రోజుల చదువు కార్యక్రమం ప్రకటించింది, ఏప్రిల్ 10 దాకా, బాలవాటిక నుంచి ఎనిమిదో తరగతి వరకు. మాతృభాషలో, స్థానిక భాషల్లో చదివించాలని అందులోనే ఉంది. కరోనా వల్ల మన రాష్ట్రంలో బళ్ళు ఫిబ్రవరిలో తెరిచి 'రీడ్' పేరుతో మొదలుపెట్టారు. అవసరం కూడా అంతే ఉంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్ళు దేశం మొత్తమ్మీద 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5కి పడిపోయారని అసర్ సర్వే తేల్చింది. ఆ ఊపులో మేం ఆరుగురం ఆఫీసు మిత్రులం తలా ఐదు వేలు వేసుకుని మా వైపు ఒక ప్రాథమిక బడికి పుస్తకాలు కొన్నాం. మంచి కాగితం, గట్టి అట్టలు, ఎక్కువ భాగం ఇంగ్లీషు. ఎందుకంటే "ఇంగ్లీష్ వస్తేనే కదా భవిష్యత్తు". ఫోటో దిగాం. లింక్డిన్‌లో పెట్టాం (నవ్వకండి, మీరూ పెట్టే ఉంటారు).

ఏడాది తర్వాత వెళితే పుస్తకాలు బీరువాలో, పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఉన్నాయి. నాకు మండింది. సారు నెమ్మదిగా అన్నాడు, "స్టాక్ రిజిస్టర్ల ఎక్కినయ్ బాబూ. ఒక్కటి చిరిగినా ఆడిట్‌కి నేనే జవాబు చెప్పాలె. గింత ఖరీదు పుస్తకం ఎట్లియ్యాలె పిల్లల చేతికి?" ఆయన తప్పేం లేదు. మేమే అంత ఖరీదైనవి కొన్నాం. అయితే ఆ డబ్బా అడుగున నేను ఖాళీ నింపడానికి పడేసిన పది పల్చటి పుస్తకాలు మాత్రం బీరువాలో లేవు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్ నుంచి దించి నకిరేకల్‌లో జిరాక్స్ తీయించినవి. రిజిస్టర్‌కి ఎక్కేంత విలువ లేదు కాబట్టి పిల్లల మధ్య తిరిగాయి. అట్టలు ఊడి, మూలలు నమిలేసి, ఒకదానికి కూర మరక కూడా. నేను కొన్న లైబ్రరీలో చదివినవి ఆ పదే.

ఆ సైట్ 2015లో వచ్చింది. కథలు ఓపెన్ లైసెన్స్ కింద ఉంటాయి. ఎవరైనా దించుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. ఫోర్క్ చేసుకోవచ్చన్నమాట. మనకి రోజూ అన్నం పెట్టే పద్ధతి ఇదే అయినా, పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మెరిసే అట్టే కొన్నాం.

ఆ రోజే నాలుగో తరగతి పిల్ల ఒకతి నాకు ఒక కథ గడగడా చదివి వినిపించింది. ఒక్క తప్పు లేదు. ఏం జరిగింది కథలో అని అడిగితే తల వంచుకుంది. వాళ్ళ తండా నుంచి డిగ్రీ చదువుతున్న అబ్బాయి అక్కడే ఉన్నాడు. అదే కథ లంబాడీలో చెప్పాడు, అమ్మని 'యాడి' అని, రొట్టెని 'బాటి' అని. పిల్ల మధ్యలోనే అందుకుని మిగతా కథ తనే చెప్పేసింది, మేం చదవని ముగింపుతో సహా.

తర్వాత ఆ అబ్బాయి, నేను రెండు శనివారాలు కూర్చుని నాలుగు కథలు లంబాడీలోకి మార్చి తెలుగు లిపిలో టైపు చేశాం. కాపీ ఒక్కోటి పద్దెనిమిది రూపాయలు పడింది. మిత్రులకి చెబితే ఒకతను, "ఇంత చదువు చదివి పిల్లలకి లంబాడీ నేర్పుతావా, వాళ్ళకి వచ్చిందే కదా" అన్నాడు. మా ఆరుగురిలో ఇద్దరు ఈసారి డబ్బులు వెయ్యమన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. ఇంటి మాటలో మొదలుపెట్టిన పిల్ల ఇంగ్లీషుకి ఆలస్యంగా చేరుతుందేమో అన్న వాళ్ళ భయం నిజమైనదే. వాళ్ళ పిల్లల గురించీ అదే భయం వాళ్ళకి. నా జవాబు ఆ గడగడా చదివిన పిల్లే. అర్థం లేకుండా చేరడం చేరడమేనా?

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు ఆ నాలుగు పుస్తకాలు చూశాను. ఒకదాంట్లో మూడో పేజీలో మేం టైపు చేసిన మాట ఒకటి పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన వంకర అక్షరాలతో ఇంకో మాట రాసి ఉంది. డిగ్రీ అబ్బాయికి ఫోటో తీసి పంపాను. "ఔనన్నా, మా తండాల గట్లనే అంటరు. నేను పక్క తండా మాట రాసిన" అని మెసేజ్ పెట్టాడు. ఫైల్‌లో సరిచేశాను. రెండో విడత జిరాక్స్ వచ్చే వారం.