ఉత్తరతీరమున నొక తల్లి పడవయానము

సముద్రయానచరిత్రములలో మనకు తరచుగా కానవచ్చువారు రాజాజ్ఞ పొందిన నావికులు, సరకు నింపుకొనిన వర్తకులు. సొంత పడవలో బిడ్డలను వెంటబెట్టుకొని తీరము వెంబడి తిరిగిన గృహిణుల ముచ్చట ఆ గ్రంథములలో అరుదు. అట్టివారిలో నొకతెయగు మ్యూరియల్ వైలీ బ్లాంచెట్ వృత్తాంతమును మేమిచట తలపెట్టితిమి.

ఈమె 1891లో కెనడాదేశపు క్విబెక్ రాష్ట్రమున జన్మించెను. 1922లో భర్తతోను బిడ్డలతోను పశ్చిమతీరమునకు వచ్చి, వాంకూవరు ద్వీపమున సిడ్నీ అను ఊరి సమీపమున కాపురముండెను. వారికి ‘కాప్రీసు’ అను చిన్న మోటారు పడవ యుండెను. పొడవు 25 అడుగులు, వెడల్పు ఆరడుగులన్నర. 1920ల రెండవ సగమున నొకనాడు భర్త ఆ పడవలో ఒంటరిగా పోయెను. పడవ దొరకెను, మనిషి దొరకలేదు.

ఐదుగురు బిడ్డలతో మిగిలిన ఆ యిల్లాలు పడవను కంట జూడనొల్లననినను ఎవరును తప్పుపట్టియుండరు. ఆమె దానిని అమ్మలేదు. ఏటేట వేసవి రాగానే ఇల్లు అద్దెకిచ్చి, బిడ్డలతో పడవ నెక్కి ఉత్తరదిశగా సాగెను. చదువు సయితము వారికి ఇంటివద్ద తానే చెప్పెను.

ఆ తీరమును మన తూర్పుతీరమువలె ఊహింపరాదు. పూర్వము మంచునదులు కొండలను దొలిచిన చోట్ల సముద్రము చొచ్చి, గోడలవంటి పర్వతముల నడుమ సన్నని పాయలుగా నిలిచినది. నైట్ ఇన్లెట్ అను పాయ పొడవు 100 కిలోమీటర్లకు మించును. ఒడ్డు చేతికందునంత దగ్గరనుండినను నీరు అగాధము. పెక్కుచోట్ల లంగరు వేసిన అడుగు తగులదు. ప్రిన్సెస్ లూయీసా అను మరియొక పాయకు ద్వారము మిక్కిలి ఇరుకు. పోటువేళను పాటువేళను నీరచట వరదయేటివలె దుమికి పారును. రెంటి సంధిని, నీరు నిలకడగానున్న కొద్దిసేపటిలోనే చిన్న పడవ లోనికి పోవలెను. కావున ఆటుపోట్ల పట్టికయే ఆమెకు పంచాంగము. ఇంజను మొరాయించినచో బాగుచేయవలసినదియు ఆమెయే.

దీనిని సాహసమని పొగడి ఊరకుండుట మాకు సమ్మతము కాదు. వేళ కనిపెట్టుట, ఉన్న సరకుతో సరిపెట్టుట, ఐదుగురిలో ఎవరెక్కడనున్నారో మరువకుండుట, మబ్బు చూచి ప్రయాణము మానుకొనుట, ఇవన్నియు ఇల్లు నడుపు స్త్రీకి నిత్యకృత్యములు. ఈ నేర్పునకు మన ఇండ్లలో ఏ గౌరవము దక్కెను? భర్త పోయిన మరునాడే ఆమెచేతినుండి తాళపుచెవులను తీసికొన్నవారు పెక్కురుండిరి. ఆమెకు రక్షణ కల్పించితిమని వారి నమ్మకము!

1792లో ఆ తీరమును కొలిచిన ఆంగ్లనావికుడు జార్జి వాంకూవరు యాత్రావృత్తాంతమును ఆమె చదువుకొనుచు తిరిగెను. ఒకచోటి దృశ్యము ఆయనకు దిగులు పుట్టింపగా దానికి ‘డిసొలేషన్ సౌండు’, అనగా పాడువడిన తావు, అని పేరు పెట్టెను. ద్వీపమున కిరువైపులనుండి వచ్చు పోట్లు ఆ ప్రాంతమున కలిసికొనుటచే నీరంతగా కదలక వేసవిలో వెచ్చబడును. నేడు జనులు ఈతకై కోరి అచటికి పోవుదురు.

ఒక విషయమున మాత్రము ఆమెను సమర్థింపజాలము. ఆ పాయలయొడ్డున క్వాక్వకవాక్వ జనుల శీతకాలపు గ్రామములు కలవు. వేసవిలో వారు చేపల వేటకును, చేపలను డబ్బాలకెక్కించు కర్మాగారములలో పనికిని పోయెడివారు. యజమానులు లేనివేళ ఆమెయు బిడ్డలును ఆ దేవదారుదూలముల ఇండ్లలో చొరబడి చూచిరి. వారి పాట్లాచ్ అను దానోత్సవమును ప్రభుత్వము 1885 మొదలు 1951 వరకు నిషేధించియుండెను. 1921 డిసెంబరులో విలేజ్ ఐలండున ఉత్సవము జరిపినవారిలో పలువురిని చెరకంపి, వారి కొయ్యమొగములను పట్టుకొనిపోయిరి. తన యింటి నద్దెకిచ్చి వచ్చిన గృహిణికి, ఖాళీగానున్న ఇల్లెల్ల విడిచిన ఇల్లు కాదని తోచకపోవుట వింతగానున్నది.

ఈ యానములను గూర్చిన ఆమె గ్రంథము ‘ది కర్వ్ ఆఫ్ టైమ్’ 1961లో ప్రచురితమయ్యెను. ఆమె మరణించినదియు ఆ యేటనే. అందు పోటుపాటులును, ఎలుగుబంట్లును, పిల్లల మాటలును విస్తారముగా కలవు. భర్తను గూర్చి మిక్కిలి కొద్ది.