ప్రయోగశాల చిట్టెలుకల ఆవాసం, సంరక్షణ: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

జీవవైద్య పరిశోధన చరిత్రలో ప్రయోగ ఫలితాలకు దక్కిన ప్రాధాన్యం, ఆ ప్రయోగాలకు ఆధారమైన జంతువుల ఆవాసానికి దక్కలేదు. మేత, పరుపు, శుభ్రత, గది వేడిమి వంటివి సహాయక సిబ్బంది పనులుగానే పరిగణింపబడ్డాయి. అయితే సంరక్షణ పరిశోధనకు వెలుపలి విషయం కాదని, అందులో అంతర్భాగమని చిట్టెలుకల పెంపక చరిత్ర నిరూపిస్తుంది.

2. గ్రాన్‌బీ పెంపకశాల:

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన గ్రాన్‌బీలో ఆబీ లాత్రాప్ 1900 ప్రాంతంలో చిట్టెలుకల పెంపకం చేపట్టారు. అంతకుముందు ఆమె ఉపాధ్యాయిని. అనారోగ్యంతో బోధన విడిచి, కోళ్ళ పెంపకంలో నష్టపోయి ఈ వృత్తిలోకి వచ్చారు. ముచ్చటకు పెంచుకునేవారికి అమ్మడమే తొలి ఉద్దేశం. అనతికాలంలోనే హార్వర్డ్ విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞుడు విలియం కాజిల్ ఆమె వద్ద ఎలుకలు కొన్నారు. గడ్డి పరచిన చెక్కపెట్టెలే ఆనాటి ఆవాసాలు; వాటిని శుభ్రం చేసినందుకు ఊరి పిల్లలకు కూలి ముట్టేది.

1908లో కొన్ని ఎలుకల చర్మంపై పుండ్లు కనిపించగా, లాత్రాప్ నమూనాలను శాస్త్రజ్ఞులకు పంపారు. అవి క్యాన్సరు కణితులని లియో లోబ్ గుర్తించారు. అనంతరం వారిద్దరూ కలిసి పరిశోధన వ్యాసాలు ప్రకటించారు. వంశాన్నిబట్టి కణితులు వచ్చే అవకాశం మారుతుందనీ, అండాశయాలు తొలగిస్తే రొమ్ము కణితులు తగ్గుతాయనీ వెల్లడించారు. నిత్యం పెట్టెలను పరికించే అలవాటు, వంశావళిని రాసి ఉంచే శ్రద్ధ ఈ నిర్ధారణలకు పునాదులు.

3. వంశాల స్థిరీకరణ:

కాజిల్ శిష్యుడు క్లారెన్స్ కుక్ లిటిల్ 1909లో తోబుట్టువులను జతపరుస్తూ అంతఃప్రజనన వంశాలకు నాంది పలికారు. 1921లో ఆయన రూపొందించిన సి57బిఎల్ వంశానికి మూలం లాత్రాప్ పెంచిన 57వ సంఖ్య ఆడ ఎలుక. 1929లో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో ఆయన జాక్సన్ ప్రయోగశాలను స్థాపించారు. 1947 అక్టోబరులో అది అగ్నికి ఆహుతైంది. పూర్వం అక్కడి ఎలుకలను తీసుకున్న పరిశోధకులు వాటి సంతతిని తిరిగి పంపడంతో వంశాలు నిలిచాయి.

4. ఆవాస ప్రభావం:

వంశం ఒక్కటే అయినా పరిసరాలు మారితే ఫలితం మారుతుంది. ప్రయోగశాలల్లో సాధారణంగా పాటించే 20–24 డిగ్రీల సెల్సియస్ మనుషులకు హాయి. చిట్టెలుకకు సుఖకరమైనది దాదాపు 30 డిగ్రీలు. 22 డిగ్రీలలో ఉన్నవాటికంటే 30 డిగ్రీలలో ఉన్న ఎలుకల్లో కణితులు నెమ్మదిగా పెరిగాయని 2013లో ప్రకటితమైన అమెరికా అధ్యయనం తెలిపింది. చలికి ఓర్చుకుంటున్న ప్రాణి ఇచ్చే సమాధానం రోగానికి సంబంధించినదా, చలికి సంబంధించినదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. గూడు కట్టుకునే సామగ్రి సమకూర్చడం అందువల్ల దయతోపాటు శాస్త్రీయ అవసరం కూడా.

1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాలు ఈ రెండింటినీ కలిపాయి. భారతదేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1998 నాటి నియమాలు జంతు ప్రయోగాలను పర్యవేక్షణ పరిధిలోకి తెచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగ జంతువుల పెంపకానికి ప్రత్యేక కేంద్రాన్ని నడిపింది.

5. ముగింపు:

లాత్రాప్ 1918లో మరణించారు. ఆమె నమోదు పుస్తకాలు జాక్సన్ ప్రయోగశాలలో భద్రంగా ఉన్నాయి. గ్రాన్‌బీలో పెట్టెలు కడిగిన పిల్లల పేర్లు మాత్రం ఏ పరిశోధన వ్యాసంలోనూ చేరలేదు. వారి శ్రమను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే జీవవైద్య పరిశోధన చరిత్ర సమగ్రమవుతుంది.