కర్నూలు వైరసు అను మాటలో నిజమెంత?

పెద్దారవీడు గ్రామమున్న మార్కాపురము తాలూకా, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు, కర్నూలు జిల్లాలోనిదే. అందుచేత 2021 మే నెలలో "కర్నూలులో ప్రమాదకరమైన కొత్త వైరసు పుట్టినది" అను వార్త వెలువడినప్పుడు అది ఈ ప్రాంతమువారికి పరాయి ఊరి వార్త కాలేదు. ఆ వార్తలో నిజమెంతయో విచారింతము.

వైరసు తనంతట తాను పెరుగజాలదు. మన శరీరకణములో చొరబడి, దానిచేత తన నకళ్లను తీయించుకొనును. కొవిడ్ వైరసు జన్యుపదార్థములో సుమారు 30,000 అక్షరములు కలవు. తాళపత్రమునకు ప్రతి వ్రాయువాని గంటము జారినట్లు, నకలు తీయునప్పుడు ఒక్కొక్క అక్షరము మారిపోవును. ఇట్టి మార్పులలో చాలవరకు నిష్ప్రయోజనములు. కొన్ని వైరసునకే చెరుపు. ఏ ఒకటి రెండో దానికి కలిసివచ్చును.

ఎన్440కె అనునది ఇట్టి మార్పే. వైరసు పైనున్న స్పైక్ ప్రోటీనులో 440వ స్థానమున ఆస్పరజీన్ అను ఎమైనో ఆమ్లమునకు బదులు లైసీన్ చేరినది. ఈ స్థానము వైరసు మన కణమును పట్టుకొను భాగములోనిది. 2020లో ఆంధ్రప్రదేశ్ నుండి సేకరించి పరీక్షించిన వైరసు నమూనాలలో దాదాపు మూడవవంతున ఈ మార్పు కనబడినది. కనుక శాస్త్రజ్ఞులు దానిపై దృష్టి నిలిపినారు.

2021 ఏప్రిల్ చివర హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల పరిశోధన యొకటి వెలువడినది. ప్రయోగశాలలో పెంచిన కణములలో ఈ రకము, ఒక పాత రకముకంటె పది రెట్లు, మరియొక రకముకంటె వేయి రెట్లకు మించి వృద్ధియైనదని అందు తేలినది. అది గాజుపాత్రలోని లెక్క. జనులలో వ్యాప్తియు, వ్యాధి తీవ్రతయు దానివలన తేలవు. అయినను ఆ అంకెలు నోట నోట పడి, ఈ వైరసు పదిహేను రెట్లు ప్రాణాంతకమను వదంతిగా మారినవి. మే మొదటివారములో ఢిల్లీ ప్రభుత్వము, ఆంధ్ర, తెలంగాణములనుండి వచ్చువారు 14 దినములు వేరుగా ఉండవలెనని ఉత్తరువు చేసినది.

అప్పటికే ఎన్440కె తగ్గుముఖము పట్టియుండెను. దాని స్థానమును ఆక్రమించుచున్నది, మహారాష్ట్రలో మొదట కనబడి, తరువాత డెల్టా అని పేరొందిన రకము. అనగా జనులు ఒక ద్వారమును కాచుచుండగా వ్యాధి మరియొక ద్వారమున ప్రవేశించినది.

వ్యాధికి ఊరిపేరు పెట్టుటలోని కీడు కొత్తది కాదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా స్పెయిన్‌లో పుట్టినదనుటకు ఆధారము లేకున్నను, ఆ పేరు ఆ దేశమునకు అంటుకొనియే యున్నది. ఊరికి నింద వచ్చునను భయమున్నచోట రోగులు పరీక్షకు రారు. కొత్త రకమును కనుగొన్నవారు వెల్లడించుటకు జంకుదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 మే 31న ముఖ్యమైన రకములకు గ్రీకు అక్షరములను పేర్లుగా నిర్ణయించినది ఇందుకే.

ఈ కథకు మరియొక ముగింపు కలదు. 2021 నవంబరులో వెల్లడియైన ఒమిక్రాన్ స్పైక్‌లో 30కి పైగా మార్పులు ఉండెను. వానిలో ఎన్440కె ఒకటి. ఒంటరిగా వెనుకబడిన మార్పు, ఇతర మార్పుల తోడుతో లోకమంతయు చుట్టివచ్చినది. కాబట్టి కొత్త రకమును గూర్చి వినినప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను: త్వరగా వ్యాపించునా? వ్యాధిని తీవ్రము చేయునా? టీకావలన కలిగిన రక్షణను తప్పించుకొనునా? మొదటిదానికి నమూనాల లెక్క, రెండవదానికి ఆసుపత్రుల లెక్క, మూడవదానికి రక్తపరీక్షలును టీకా పొందినవారి అనుభవమును కావలెను. ఈ లెక్కలు నగరములనుండి మాత్రమే వచ్చిన చాలదు. పెద్దారవీడు వంటి గ్రామములలో జ్వరపీడితుల నమూనాలును ప్రయోగశాలకు చేరవలెను. అప్పుడే వదంతికంటె ముందు నిజము మన ఊరు చేరును.